ఎవరూ పంపని మనిషి

వాకిట్లో నిలబడిన ఆడమనిషి, ఇంట్లో పసిపిల్లలున్నారా అని అడిగింది.

లేరంది జమ్లి.

లోపల చీర ఉయ్యాలలో మనవరాలు కేరుమంది.

జమ్లి ఏమాత్రం తడబడలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లకు పసిబిడ్డ ఉందని చెప్పకపోవడం ఆ తండాలో అబద్ధం కింద లెక్క కాదు. జాగ్రత్త కింద లెక్క.

వచ్చినామె కదల్లేదు. ఆకలైనవాళ్లు అన్నం గిన్నెను చూసినట్టు ఉయ్యాల వైపే చూస్తోంది.

"రేపు అంగన్‌వాడీల రోటా సుక్కలు ఏస్తరు. బిడ్డకు ఏయించుండ్రి అవ్వా," అంది.

జమ్లి మొహం మాడిపోయింది.

పోలియో చుక్కలంటే తండాకు భయం లేదు. విరేచనాలు ముదిరి ప్రాణం మీదికి రాకుండా వేసే ఈ రోటా చుక్కలంటేనే వణుకు. ఎల్లారెడ్డి అవతల ఏదో ఊళ్లో ఒక పిల్లవాడు ఇవి వేసిన వారంలోనే చచ్చిపోయాడట. ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఎవరి కొడుకో తెలియదు. వాడు గుండ్రాయిలా ఉండేవాడని మాత్రం అందరికీ తెలుసు.

ఉయ్యాల ఊపుతున్న కోడలు చందన తలుపు దాకా వచ్చింది. లోపలికి పొమ్మని జమ్లి కసిరింది.

చేను నుంచి కొడవలితో వచ్చిన జమ్లి మొగుడు లక్పతి, ఆ కసురు విని ఆగాడు. వచ్చినామెను ఎగాదిగా చూశాడు. దవాఖాన మనిషివా అని అడిగాడు. కాదంది. సర్వేకు వచ్చినవా అన్నాడు. కాదంది.

"మరి ఎవలు పంపిన్రు నిన్ను?"

"ఎవలు పంపలె బాపూ. నేనే వచ్చిన."

తండాకు వచ్చేవాళ్లందరినీ ఎవరో ఒకరు పంపుతారు. ఓట్లకు పంపుతారు, లెక్కలకు పంపుతారు, ఫొటోలు దిగడానికి పంపుతారు. ఎవరూ పంపకుండా, చేతిలో డబ్బా గాని మెడలో కార్డు గాని లేకుండా, పిల్లలున్న ఇల్లే వెతుక్కుంటూ వచ్చే మనిషి దేనికి వస్తుంది?

జనం పోగయ్యారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ఫోన్లలో తిరుగుతున్న వీడియో అందరూ చూసినదే. ఎవరో ఆమె కొంగు పట్టుకున్నారు. ఇంకెవరో ఫోన్ తీసి మొహం మీద పెట్టారు. చచ్చిన పిల్లవాడి సంగతి చెప్పి, ఇప్పుడు మా పిల్లల మీద పడ్డావా అని జమ్లి నిలదీసింది.

"ఆ పోరడు సుక్కలకు సావలేదు," అందామె.

"నీకెట్ల ఎరుక?" అన్నాడు లక్పతి.

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అది చాలింది వాళ్లకు. వెనక నుంచి ఎవరో తోశారు. అరచేతులు గీరుకుపోయేలా పడింది. ఎల్లారెడ్డి సవారీల కోసం ఆగి ఉన్న ఆటో శేఖర్, రెండో దెబ్బ పడకముందే ఆమెను లేపి బండిలో కూర్చోబెట్టాడు.

ఆటో కదులుతుంటే ఆమె తలుపు సందులోంచి చూస్తున్న చందన వైపు తిరిగి, "బిడ్డా, జబ్బు చేస్తే నీళ్లు మాత్రం ఆపకు," అంది.

దాని నోట్లో మన్ను పడ అని జమ్లి మెటికలు విరిచింది.

మర్నాడు పొద్దున్నే జమ్లి ఇంటికి తాళం వేసి, కోడల్నీ మనవరాల్నీ తీసుకుని తాడ్వాయిలో చెల్లెలింటికి పోయింది. ఆ తర్వాత చుక్కలు వేసే ప్రతి రోజూ అదే తాళం. ఆశా వర్కర్ ఎస్తేర్ వచ్చి తలుపు చూసి పోయేది. హైదరాబాద్‌లో బిల్డింగుల పనిలో ఉన్న మొగుడు రాజేశ్‌కు చందన ఫోన్ చేసింది. అమ్మ చెప్పినట్టు వినమని అతను పెట్టేశాడు.

చలి ముదిరింది.

ఒకరోజు తెల్లవారుతూనే బిడ్డకు వాంతులు మొదలయ్యాయి. వెంటనే నీళ్ల విరేచనాలు. పండ్లు వస్తున్నాయి, అంతే అంది జమ్లి. పోసిందంతా కిందికే పోతోందని పాలు మాన్పించింది, నీళ్లు మాన్పించింది. చందన చెంచా పట్టుకుంటే చేతిలోంచి గుంజుకుంది.

మధ్యాహ్నానికి బిడ్డ మాడు గుంటపడింది. ఏడుస్తోంది గాని కళ్లలో తడి లేదు.

చందన అత్తను అడగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఎస్తేర్ ఇంటికి పరుగెత్తింది.

ఎస్తేర్ బిడ్డను చూసి తిట్టలేదు. అది చూసే జమ్లికి భయమేసింది. శేఖర్‌కు ఫోన్ చేసి, ఓఆర్ఎస్ నీళ్లు చుక్కచుక్కగా నోట్లో పోస్తూ అందరినీ ఆటో ఎక్కించింది. రోటా చుక్కలు వేస్తే విరేచనాలు అసలు రావని కాదు గాని, ఇంతగా ముదరడం అరుదని చెప్పింది. ఆ చెప్పడం చందనకే చెప్పింది. జమ్లి వైపు చూడలేదు.

ఎల్లారెడ్డి దవాఖాన ఇంకా రాలేదు. పోసిన నీళ్లు పెదవి చివర నుంచి జారిపోతున్నాయి.

చందన బిడ్డ పాదం పట్టుకుంది. చల్లగా ఉంది.

"శేఖరన్నా, ఆ దినం నువ్వు తీస్కపోయినామె ఎవలు? నీళ్లు ఆపకుమని ఆమెకెట్ల తెలుసు?"

శేఖర్ వెనక్కి తిరగలేదు. బండి వేగం పెంచాడు.

"ఎల్లారెడ్డి అవతలి ఊరామె, చంద్రవ్వ. దారి పొడుగూత ఏడ్సుకుంటనే చెప్పింది."

జమ్లి తలెత్తింది. బిడ్డ ఏడుపు ఆగిపోయింది.

"సుక్కలకు సచ్చిండని మీరు చెప్పే పోరడు ఆమె కొడుకేనట. ఇరేచనాలు పట్టుకుంటే నీళ్లు ఆపిందట. అంతకు ముందు సుక్కలేసెటోల్లు వచ్చిన దినం ఇంటికి తాళమేసి, వాన్ని ఎత్తుకొని చెల్క చేన్ల దాక్కున్నదట."