తోడుకోని పన్నెండు గిన్నెలు

"తోడుకని దాచిన ఒక్క చెంచా పెరుగూ వాడేశావా?" అని కేకలేశాను.

"చెంచాడు పెరుగుకి ఇంత గొడవేంటమ్మా! నా పరిశోధనకే కదా," అంది మా అమ్మాయి విరజ.

ఇప్పుడు పీజీకి దరఖాస్తు చేయాలంటే పరిశోధన అనుభవం తప్పనిసరి. ప్రయోగశాలల్లో పనంతా యంత్రాలదే, పిల్లలకు చోటు లేదు. అందుకే మా వీధిలో ప్రతి వంటగట్టు మీదా కళాశాల ఇచ్చిన పెట్టె ఒకటి ఉంటుంది. పిల్లలు ప్రయోగం చేస్తే పెట్టె నివేదిక రాస్తుంది.

మండుటెండల్లోనూ పులిసిపోని పెరుగు విరజ అంశం. మూడు వారాల్లో పన్నెండు గిన్నెలు పెట్టింది. ఒక్కటీ తోడుకోలేదు. ఆ పుల్లటి పాలన్నీ పారబోసింది నేనే.

సాయంత్రం పెట్టె నివేదిక వినిపించింది. "పదకొండు గిన్నెలు గట్టిగా తోడుకున్నాయి. ఇది నిజమని వేలిముద్ర వేయండి. గడువు రేపటితో సరి."

"ఎక్కడ తోడుకున్నాయే?" అన్నాను.

"తోడుకోవాలని దాని అంచనా. మా క్లాసులో అందరూ వేసేశారమ్మా," అంది, నా మొహం చూడకుండా.

భోజనాల దగ్గర వాళ్ల నాన్న, "వేసెయ్ తల్లీ, గిన్నెలు చూడ్డానికి ఎవరొస్తారు? లేకపోతే ఏడాది పోతుంది," అన్నారు.

విరజ చాలాసేపు చారన్నం కెలికింది.

"పోనీ నాన్నా. నేను వేలిముద్ర వేయను, ఈ ఏడు దరఖాస్తూ చేయను," అంది. తర్వాత నావైపు తిరిగింది. "పక్కింటి పిన్నినడిగి తోడు తెస్తానమ్మా. సగం నీకు, సగం పదమూడో గిన్నెకి."