కాపలా కణాలు

రాత్రి ల్యాబులో ఆమె ఒక్కతే. మైక్రోస్కోపు కింద ఉన్నవి హెచ్‌ఐవీ, క్షయ రెండూ ఉన్న రోగి ఊపిరితిత్తుల్ని కడిగి తీసిన కణాలు. క్షయ క్రిమి ఉంటే చాలు, బెల్లానికి ఈగల్లా మూగే కాపలా కణాలు. ఇతనిలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. స్లైడు మీద గుర్తుకి సిరా చుక్క పెట్టి, మళ్ళీ చూసింది. అవన్నీ చుక్క ఉన్న అంచుకి, తను కూర్చున్న వైపుకి చేరాయి.

సీనియర్‌కి ఫోన్ చేసింది. "అన్నా, రంగేసిన కణాలు కదుల్తాయా?"

"చచ్చినవి ఎలా కదుల్తాయే, పిచ్చిమొహమా! స్లైడు తిప్పి పెట్టుంటావు."

నిజమే కాబోలనుకుని స్లైడు అటుది ఇటు తిప్పింది. చుక్క అవతలికి పోయింది. కణాలు మాత్రం మళ్ళీ ఆమె వైపే ఉన్నాయి.

ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, ఇన్నాళ్ళూ దుమ్ము వల్లేనని సరిపెట్టుకున్న దగ్గు ఆమె గొంతు దాకా వచ్చింది.