చాక్లెట్టు మీద పంటిగాటు

క్యాంపు రెండో రోజు పొద్దున్నే దొంగతనం బయటపడింది. ఆఖరి రోజు సాయంత్రం అందరూ పంచుకోవాలని డబ్బాలో దాచిన పెద్ద చాక్లెట్టు పలకకి ఒక మూల లేదు. ఎవరో కొరికేశారు.

క్యాంపు అంటే అడవిలో కాదు. వంటింటి గుమ్మానికి ఇరవైరెండు అడుగుల దూరంలో, పెరట్లో బట్టలారేసే తీగ పక్కన వేసిన టెంటు. ఇంటాయన పళ్ల డాక్టరు. నాలుగు రోజులు సెలవు దొరికినా ఊరు దాటే ఓపిక లేక ఈ ఏర్పాటు చేశాడు. నియమాలు మాత్రం కొండలెక్కేవాళ్లకున్నన్ని పెట్టాడు. స్నానాలగదికీ, పడుకోబోయే ముందు అమ్మమ్మకి చెప్పి రావడానికీ తప్ప ఎవరూ ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఏడేళ్ల కూతురూ ఐదేళ్ల కొడుకూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. భార్య తల్లి, అంటే పిల్లల అమ్మమ్మ, నేల మీద పడక తన నడుముకి పడదని ఇంట్లోనే ఉండిపోయింది.

"నన్ను చూడకండి," అంది భార్య, అతను తల తిప్పకముందే. "నేనైతే మూల కొరికి వదలను. మొత్తం తింటాను."

పిల్లలిద్దరూ మాకు తెలీదన్నట్టు ఒకేసారి తలలు అడ్డంగా ఊపారు.

డాక్టరుకి హుషారొచ్చింది. పదిహేనేళ్లుగా పళ్లతోనే బతుకుతున్నవాడు. మనిషి అబద్ధమాడొచ్చు గానీ పన్ను ఆడదని అతని నమ్మకం. ఇంట్లోకి వెళ్లకూడదన్న నియమం దర్యాప్తుకి వర్తించదని తనకు తనే తేల్చుకుని, ముందు గదిలో ఉన్న క్లినిక్కులోంచి పళ్ల అచ్చు తీసే మైనం పట్టుకొచ్చాడు. వరసగా అందరిచేతా కొరికించాడు.

కూతురికి ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉన్నాయి. చాక్లెట్టు మీద ఆ సందు లేదు. కొడుకువి బియ్యపుగింజలంత పాలపళ్లు. మీ దర్యాప్తు తగలెయ్య అనుకుంటూనే భార్య కూడా కొరికింది. ఆమె అచ్చూ కలవలేదు. ఎవరూ అడక్కపోయినా తనూ కొరికి చూసుకున్నాడు. తనూ కాదు.

అప్పుడు భూతద్దం పెట్టి గాటును చూశాడు. చూసి, అలాగే కూర్చుండిపోయాడు. పై వరసలో ఎడమవైపు రెండో పన్ను జాడ రవ్వంత పక్కకి ఒరిగి ఉంది.

అది అతని చేతిపనే. కట్టుడు పళ్లు మరీ తీర్చిదిద్దినట్టుంటే కట్టుడువని పట్టుబడిపోతాయని, ప్రతి సెట్టులోనూ ఒక పన్నును కావాలనే కాస్త వంకరగా అమరుస్తాడు. ఎవరికి ఏ పన్ను వంచాడో అతనికి కంఠతా వచ్చు. ఎడమవైపు రెండోది అత్తగారిది.

ఇంకొకప్పుడైతే నవ్వుకుని వదిలేసేవాడే. కానీ అత్తగారికి షుగరు. వచ్చే వారమే ఆవిడ తన ఆడపడుచుతో నలభై రోజుల తీర్థయాత్రకి బయల్దేరాలి. నెల రోజులు తీపి ముట్టకపోతేనే ప్రయాణమని ఆవిణ్ని చూసే డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. కాపలా బాధ్యత అల్లుడిది.

ఆడపడుచు రిటైరైన హెడ్మాస్టరమ్మ. టిక్కెట్లు తనే కొని, తెల్లవారుజామున మూడింటికి నిద్ర లేవడం మొదలుకుని ఏ పూట ఎవరు మాట్లాడకూడదో దాకా ఒక పట్టిక రాసి పంపింది. ఆవిడ మాటకి ఈ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ ఎదురు చెప్పింది లేదు. అత్తగారు ఆ పట్టికని దేవుడి పటం పక్కన పెట్టుకుని, ఎంత పుణ్యం చేసుకుంటే ఇలాంటి తోడు దొరుకుతుందని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

ఆవిణ్ని పిలవక తప్పలేదు. అత్తగారు పూజ ముగించుకుని వచ్చింది. నింద విని తెల్లబోయింది. మైనం ఇస్తే మారు మాట్లాడకుండా కొరికింది. రెండు గాట్లూ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఇంకేం చెప్పమంటారు అత్తయ్యగారూ?" అన్నాడు డాక్టరు.

"గాటు నా పళ్లదే బాబూ, కాదనను. కానీ దేవుడి మీద ఒట్టు. ఆ చాక్లెట్టు నా నాలుక మీద పడలేదు."

"పళ్లు భోంచేస్తుంటే నాలుక ఉపవాసం ఉందా అమ్మా?" అంది డాక్టరు భార్య.

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. డాక్టరు మనసు చివుక్కుమంది. రెండు పూటలా దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి, వేలెడు తీపి కోసం అంత ఒట్టు పెట్టేసుకుంటుందా? ఎంత భక్తి ఉన్నా నాలుక దగ్గరికొచ్చేసరికి మనిషి ఇంతేనేమో అనుకున్నాడు.

అయినా మాట మాటే. తీగ కింద నిలబడి ఆడపడుచుకి ఫోను చేసి, యాత్ర మానిపించక తప్పదన్నాడు. అవతలి నుంచి పావుగంట పాఠం విని, చెవి రుద్దుకుంటూ వచ్చాడు.

"ఆవిడ ఒక్కరే వెళ్తారట. మీరేం దిగులు పడకండి అత్తయ్యగారూ. వచ్చే ఏడాది మిమ్మల్ని తీసుకెళ్లే పూచీ తనదన్నారు. ఈసారి పోయినదానికి కలిపి అరవై రోజులట."

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన దయ ఎలా ఉంటే అలా, అని ఆకాశంకేసి దణ్ణం పెట్టింది.

భార్యాభర్తలు టీ కాచడానికి పెరటి మూలన పెట్టుకున్న క్యాంపు స్టవ్వు దగ్గరికి వెళ్లారు. అత్తగారు వెనక్కి తిరిగి చూసుకుని, నడుము సంగతే మరిచిపోయి చటుక్కున వంగి టెంటులోకి దూరింది. మనవరాలినీ మనవడినీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి అంది.

"వచ్చే ఏడాది కూడా మీకు నా పళ్లు అరువిస్తానర్రా, కానీ ఈసారి మీ పనయ్యాక శుభ్రంగా కడిగి తెచ్చివ్వండి, పొద్దున నోట్లో పెట్టుకోబోతే ఒకటే చాక్లెట్టు వాసన, కాస్తలో నా ఒట్టు అబద్ధమైపోయేది."