బుష్‌లే మేలు

"మేక అంటున్నారు ఒంబతీ, నా సుబారు కారుని! పందెం మైదానంలో నా ముఖం మీదే మే మే అని అరుస్తున్నారు" అన్నాడు ముసెంబి.

కారు కింద వెల్లకిలా పడుకున్న ఒంబతికి నవ్వాగలేదు. "అననీ. మేక ముందుంటే వాళ్ళకేం నొప్పి?"

"ముందెక్కడుంది? మొన్న నాలుగోది. నిజం చెప్పు. మలుపుల్లో బండి ఒరిగిపోకుండా పట్టుకునే ఈ అడ్డకడ్డీకి రబ్బరు బుష్‌లు పీకేసి బేరింగులు వేస్తే ఏం పోతుంది? కడ్డీ హాయిగా తిరుగుతుంది, చప్పుడుండదు. వచ్చే ఆదివారం పందెంలో..."

"వచ్చే ఆదివారం పందెంలో మన నకురు దుమ్మంతా వాటిలోకి దూరుతుంది. పట్టేస్తాయి. అప్పుడు చచ్చిన మేక అంటారు." ఒంబతి బయటికి జరిగి చేతులు తుడుచుకున్నాడు. "అవి నున్నటి రోడ్ల మీద తిరిగే బాబుల కోసం. మనకి బుష్‌లే మేలు."

"మరి ఈ గోలో? రోడ్డు మీద ఎత్తు దాటితే చాలు, ఊరంతా తిరిగి చూస్తోంది. నేనిచ్చిన గ్రీజు పెట్టావా అసలు?"

"డబ్బా గీకి మరీ పెట్టాను."

ముసెంబి నిట్టూర్చాడు. "మా ఇంటావిడదీ నీ పాటే. బుష్‌లే ఉండనీ అంటుంది. నా డ్యూటీకి వేళాపాళా ఉండదు కదా, సందు మొదట్లో ఎత్తు మీద కారు కీచుమనగానే మొక్కజొన్న ఉగాలి ముద్దకి నీళ్ళు పొయ్యి మీద పెడుతుందట. నేను బూట్లు విప్పేసరికి నీళ్ళు మరుగుతుంటాయి."

"చూశావా? ఆవిడకున్న బుద్ధి నీకు లేదు."

"సరేలే. పదేళ్ళుగా నీ మాట కాదని ఒక్క నట్టు కూడా తిప్పించలేదు. ఇప్పుడెందుకు?" అని ముసెంబి కారెక్కి పూలతోటలో డ్యూటీకి వెళ్ళిపోయాడు. షెడ్డు ముందు గుంట దగ్గర కారు ఒక్క అరుపు అరిచింది.

ఆ అరుపు దూరమయ్యాక ఒంబతి అలమార తెరిచాడు. ముసెంబి తెచ్చిన గ్రీజు డబ్బా సీలు ఊడకుండా అక్కడే ఉంది. దాన్ని పాత గుడ్డల వెనక్కి నెట్టి తలుపు వేశాడు.

ముసెంబి అతనికి ఉత్త గిరాకీ కాదు. షెడ్డుకి రేకులు కూడా లేని రోజుల్లో వచ్చిన మొదటి బండి అతనిదే. ఇంకెవరైనా ఆ సుబారు మీద చెయ్యి వేస్తారన్న ఊహకే ఒంబతికి ఒళ్ళు మండిపోతుంది. ఆ కారు తన చేతిలో ఉండాలి, అందులో తను వేసిన బుష్‌లే ఉండాలి. దానికోసం ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు.

మంగళవారం మధ్యాహ్నం షెడ్డు మూసేసి భోజనానికి వచ్చాడు. మరకల బూట్లు వెనక గుమ్మం దగ్గర విప్పి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని బల్ల ముందు కూర్చున్నాడు. మంగళవారమంటే చేప. రేడియోలో ఏదో పాట వస్తుంటే కూనిరాగం తీస్తూ కతుంగె వేడి ఉగాలిని పళ్ళెంలోకి తిరగేసి, వేయించిన చేప, సుకుమా ఆకుకూర పక్కన పెట్టింది.

"మెల్లగా తిను. ముళ్ళుంటాయి."

"నువ్వు వండితే ముళ్ళు కూడా దిగిపోతాయి."

"ఆ కబుర్లకేం తక్కువ లేదు" అని కతుంగె గరిటెతో అతని భుజం మీద ఒకటి వేసింది.

ఫోన్ మోగింది. విడిభాగాలు అమ్మే గితోంగా. కడుపులో మాట దాగని మనిషి.

"ఒంబతీ, నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడుగానీ, నా వల్ల కాదు. నీ ముసెంబి ఇవాళ సెలవు పెట్టి వచ్చి నా కొట్లో బేరింగులు కొన్నాడు. ఎదురు షెడ్డులో వేయించుకున్నాడు."

ఒంబతి చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది. "ఎవరు? ముసెంబా?"

"ఇందాకే తీసుకెళ్ళాడు. ఎంత మెత్తగా పోతోందనుకున్నావ్! మా వీధి గుంటల్లో కూడా కిక్కురుమనలేదు. ఇక్కణ్ణుంచి తిన్నగా ఎక్కడికి వెళ్తానన్నాడంటే..."

"ఎక్కడికి పోతే నాకేం!" ఒంబతి ఫోన్ కట్ చేసి బల్ల మీదకి విసిరాడు. నోట్లో చేప చేదెక్కింది. పదేళ్ళలో అతనికి ఇంత అవమానం ఎప్పుడూ కలగలేదు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"చూశావా వాడి పని? మొన్న నా ఎదురుగా నిలబడి నీ మాట కాదననన్నాడు. ఇవాళ నా వెనక వేరేవాడి చేత బేరింగులు వేయించుకున్నాడు. పైకి నవ్వులు, వెనక గోతులు! పండగ పండక్కీ నా ఇంట్లో తిన్నాడు వాడు. ఒకరింట్లో తిని వాళ్ళకే ద్రోహం చేసే మనుషులుంటారని విన్నాను, ఇవాళ కళ్ళారా చూస్తున్నాను."

కతుంగె చేతిలో గరిటె ఆగిపోయింది. "కారు చప్పుడు చెయ్యట్లేదన్నాడా?"

"కిక్కురుమనట్లేదట! ఇక్కడ నా కడుపు రగిలిపోతుంటే నీకు చప్పుడు కావలసొచ్చిందా?"

ఆమె రేడియో కట్టేసి, సందు వైపు చెవి ఒగ్గింది. బయట ఏ అలికిడీ లేదు.

ఒంబతి మాత్రం తగ్గలేదు. పళ్ళెం పక్కకి తోసి బల్ల మీద గుద్దాడు. "నమ్మినవాడే మోసం చేస్తే ఎలా ఉంటుందో వాడికీ తెలిసే రోజొకటి వస్తుంది, చూస్తూ ఉండు!"

వీధి తలుపు తాళంలో ముసెంబి తాళంచెవి తిరిగింది.