ఆఖరి మెట్టు మీది చెయ్యి

"సకలజనుల సమ్మె మేడం, ఊరేగింపు ఇటే వస్తున్నది. జర జల్ది పోండ్రి," అన్నాడు సెక్యూరిటీ గార్డు పోచయ్య.

హైటెక్ సిటీ ఆఫీసులో ఆ రోజు హిమబిందు ఒక్కతే ఉంది. టూరిజం వెబ్‌సైటు కోసం కోస్తాలోని తన సొంతూరి లైట్‌హౌస్ చరిత్ర రాస్తోంది. తలెత్తలేదు.

"దేనికి సమ్మె? ఈ బండరాళ్ళ మధ్య సిటీ కట్టింది మేము. కట్టినవాళ్ళది కాక మీదెలా అవుతుంది?"

పోచయ్య స్క్రీన్ మీది ఫొటో చూస్తూ నిలబడిపోయాడు.

"లైట్‌హౌస్. నీకేం తెలుస్తుందిలే, మీకు సముద్రమే లేదుగా," అని నవ్విందామె. "పై మెట్టు మీద చేతి ముద్ర ఉంది చూడు. కట్టించిన ఇంజనీరుగారిది. మా ఊళ్ళో ఇప్పటికీ దానికి పసుపు రాస్తారు."

"ఇంజనీరు తడి సిమెంటుల చెయ్యి వెడతడా మేడం?" ఈసారి పోచయ్య నవ్వాడు. "పాలమూరు నుంచి మమ్ముల గా పనికే లారీల తోలుకపోయిండ్రు. నాకప్పుడు పదారేండ్లు. ఆఖరి మెట్టు వోసినంక నేనే చెయ్యి వెట్టిన. మేస్త్రి మస్తు తిట్టిండు."

"నోటికొచ్చింది చెప్పకు."

పోచయ్య ఎడమ అరచేతిని స్క్రీన్ పక్కన పెట్టాడు. చిటికెనవేలు సగమే ఉంది. ఫొటోలోని ముద్రకూ అంతే.

హిమబిందు ఫొటోను పెద్దది చేసి చూసింది.

"మీ లైట్‌హౌస్ మేం గట్టినం మేడం," అన్నాడు పోచయ్య, టోపీ సర్దుకుంటూ. "అది మాదని ఏనాడన్న అన్నమా?"