తుళ్ళే ముల్లు

పాల వేడి చూపే ముల్లు మళ్ళీ తుళ్ళింది.

వాల్వు మూతి తిప్పుకుంది. చల్లార్చే తొట్టికి పోవాల్సిన పాలు కాచే తొట్టికే వెనక్కి పోయాయి.

ఊరి పాలన్నీ కాచి పంపే క్రీమరీలో యంత్రాలు చూసే ఫింటన్ తల పట్టుకున్నాడు.

పాలెంత వేడెక్కాయో తీగలో సన్నటి కరెంటుగా వస్తుంది. అది చెప్పినట్టు వాల్వు ఆడుతుంది. పాలు సరిగ్గానే కాగుతున్నాయి. తీగే అబద్ధమాడుతోంది.

వేడి కొలిచే కడ్డీ మార్చాడు. తీగ మార్చాడు. మోటారుకు దూరంగా జరిపాడు. ఎక్కిళ్ళు పట్టిన పిల్లాడిలా ముల్లు తుళ్ళుతూనే ఉంది.

"ఏమయ్యా, ఇవాళైనా నిలుస్తుందా?" అంది క్రీమరీ మేనేజరు నోరీన్. "శుక్రవారం పాల సంఘంవాళ్ళొస్తారు. ఇలాగే ఉంటే క్రీమరీకి తాళమే. ఇక పాలు కార్క్ పట్నానికి, మనం ఇళ్ళకి."

"నిలవకపోతే నేనే వేలితో పట్టుకుని కూచుంటాలే!"

గుమ్మంలో ఎవరో దగ్గారు. తడిసిన టోపీ, బురద బూట్లు. క్రీమరీ వెనక పొలం కౌలుకు తీసుకుని ఈమధ్యే దిగిన ముసలాయన. పేరు మాటీ అని తప్ప ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు.

"అయ్యా, ఆ ముల్లు..."

"పెద్దాయనా, పాలుండే చోటిది. ఆ బూట్లతో రాకూడదు."

"రానులే. ఒక్క మాట..."

"తర్వాత!"

మాటీ కాసేపు ముల్లు కేసే చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

తీగ మీది రాగి తొడుగును ఫింటన్ రెండు కొసలా ఎర్తుకు కలిపి ఉంచాడు. ఒక కొస విప్పేశాడు. టీ తాగి వచ్చి చూస్తే ముల్లు కదలడం లేదు.

"దొరికాడు దొంగ!" అని కేకేశాడు.

శుక్రవారం సంఘంవాళ్ళు వచ్చారు, చూశారు, తలలూపి వెళ్ళారు. తాళం మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం పబ్బులో ఫింటన్ గ్లాసు ఖాళీ అవనివ్వలేదెవరూ.

మర్నాటి పొద్దున రోడ్డంతా ఆవులు. వానలో కర్ర పుచ్చుకుని మాటీ పరుగులు పెడుతున్నాడు.

ఫింటన్ వ్యానులోంచి తల బయట పెట్టాడు.

"పెద్దాయనా, కంచె అనే మాట ఎప్పుడైనా విన్నావా?"

"విన్నానయ్యా. దాని సంగతే నీతో..."

"నాకు కాదు, నీ ఆవులకి చెప్పు!"

హారన్ కొట్టుకుంటూ ముందుకు పోయాడు.

ఆ తర్వాత ఆవులు చర్చి వాకిట్లో కనబడ్డాయి. నోరీన్ తల్లి క్యాబేజీ మడి మేశాయి. ఊరు గొణిగింది.

"ఆవుల్ని కట్టుకోలేనివాడికి పొలమెందుకు?" అని పొలం ఆసామికి ఫోను చేసింది ఫింటనే.

కౌలు పోయింది. మాటీ ఆవుల్ని లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

పొలం గ్రాన్య అనే అమ్మాయి తీసుకుంది. ఆమె దూడలు దిగిన రోజే ముల్లు మళ్ళీ తుళ్ళింది. పాలు వెనక్కి పోయాయి.

ఫింటన్ అన్నీ తడిమి చూశాడు. ఎక్కడివక్కడే ఉన్నాయి. ఊపిరాడక వెనక తలుపు తీశాడు.

టిక్... టిక్... పొలంలోంచి వినబడుతోంది. టిక్కన్నప్పుడల్లా లోపల ముల్లు తుళ్ళుతోంది.

గట్టు దాటి పరుగెత్తాడు. కంబానికి, ఆవులు దాటకుండా కంచె తీగకు టిక్కుటిక్కుమని షాకిచ్చే కరెంటు పెట్టె. దాని ఎర్తు కడ్డీ క్రీమరీ గోడవారనే దిగేసి ఉంది. టిక్కన్నప్పుడల్లా ఆ కరెంటు నేలలోంచి క్రీమరీ తీగలోకి పాకుతోంది.

"ఈ కంచె కరెంటు ఎవరు వేశారమ్మాయ్?" అని గ్రాన్యను అడిగాడు.

"నేనే, పొద్దున. వచ్చేసరికి ఆపేసుంది. బాగానే ఉంది కదా, ఎందుకాపావని ఆ ముసలాయనకి ఫోను చేసి అడిగాను కూడా."

"ఏమన్నాడు?"

"'అది వేస్తే అక్కడ ఊరందరి పాలూ వెనక్కి తిరుగుతున్నాయమ్మా, నా ఆవుల్ని నేనే తిప్పుకుందాంలే అని ఆపాను' అన్నాడు."