కూర్చునే చోటు

పాత బస్సు డిపో స్థలంలో రాబోయే పార్కు ఎలా ఉండాలో చెప్పమని ఊళ్లోని కుర్రకారునంతా మున్సిపల్ హాలుకు పిలిచారు. ప్లాను అప్పటికే గీసేశారు. అట్టముక్కలతో చేసిన నమూనా కూడా బల్ల మీద సిద్ధంగా ఉంది. అందులో ఫౌంటెన్ ఉంది, ఎవరూ తొక్కకూడని పచ్చిక ఉంది, చుట్టూ నిలువెత్తు గోడ ఉంది. మనిషి కూర్చోవడానికి మాత్రం చోటు లేదు. యువతకు మిగిలిన పనల్లా చప్పట్లు కొట్టడమే.

"ఈ పార్కు మీది," అన్నాడు కమిషనరు మైకులో. "మీరు చెప్పండి, మేం చేస్తాం. మీ మాట కోసమే చెవి ఒగ్గి కూర్చున్నాం."

విలేకరులు రాసుకున్నారు. ఒక కుర్రాడు లేచి ఫౌంటెన్‌కు రంగుదీపాలు పెట్టమన్నాడు. కమిషనరు పొంగిపోయాడు.

"చూశారా, ఈ వయసుకే ఎంత దూరదృష్టో."

అప్పుడు చివరి వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. ముఖానికి దుమ్ము పడకుండా చుట్టుకున్న స్కార్ఫు విప్పింది. టీలు అందిస్తున్న అటెండరు ఆమెను చూసి, ట్రే జారబోతే రెండు చేతులా పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కమిషనరు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"గోడ వద్దు సార్," అంది ఆమె. "రోడ్డు మీద జనానికి మేం కనబడాలి, మాకు వాళ్లు కనబడాలి. దీపాలు ఫౌంటెన్‌కి కాదు, బెంచీల దగ్గర పెట్టండి. ముందసలు బెంచీలంటూ వెయ్యండి. మా కాలేజీ అబ్బాయిలు టీకొట్టు దగ్గర గంటలకొద్దీ నిలబడతారు, ఎవరూ ఏమీ అనరు. మేం కాసేపు ఆగితే, ఇక్కడేం పని అంటారు. ఏ పనీ లేకుండా కూర్చునే చోటు మాకూ ఒకటి కావాలి."

కమిషనరు గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడికి వస్తున్నట్టు ఇంట్లో చెప్పే వచ్చావా అమ్మాయ్?"

"ఈపాటికి తెలిసే ఉంటుంది సార్."

అటెండరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"మరి ఒప్పుకున్నట్టేనా సార్?" అని ఒక విలేకరి కలం పట్టుకుని లేచాడు. "రేపటి పేపర్లో వేసేస్తాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కెమెరాలన్నీ కమిషనరు మొహం మీదే ఉన్నాయి. ఎక్కడో ఒక చిరునవ్వు వెతికి తెచ్చి తగిలించుకున్నాడాయన.

"ఇలాంటి పిల్లను కన్న తండ్రి అదృష్టవంతుడు," అన్నాడు. "గోడ తీసేయిస్తున్నాను."

ఆ మాట అన్ని పేపర్లలోనూ రావడంతో, మరచిపోయే సౌకర్యం ఆయనకు లేకపోయింది. గోడ పోయింది. ఫౌంటెన్ పోయింది. పొడుగాటి చెక్కబెంచీలు వచ్చాయి, వాటి పక్కన దీపస్తంభాలు. కమిషనరు రిబ్బను కత్తిరించి, ఇక్కడ కూర్చున్నవాళ్లను ఎవరూ ఏమీ అడగకూడదని ప్రకటించి, ఊహ తెలిసినప్పటి నుంచీ ఆడపిల్లల స్వేచ్ఛ కోసమే నిద్రాహారాలు మానేసినట్టు ఉపన్యసించాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన కారు పార్కు ముందు ఆగింది. దీపాలు వెలిగాయి. బెంచీలు నిండిపోయాయి. దీపం కింద ఆ అమ్మాయి స్నేహితురాళ్లతో కబుర్లలో పడిపోయి ఉంది. అదే బెంచీ చివర ఒక నడివయసు ఆవిడ, చెప్పులు విప్పేసి, కాళ్లు పైకి ముడుచుకుని, అప్పుడే పరిచయమైన ఎవరితోనో పగలబడి నవ్వుతోంది.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి సెల్యూట్ కొట్టాడు.

"చీకటి పడింది సార్. అందర్నీ పంపించెయ్యమంటారా?"

"ఎవరినీ ఏమీ అడగొద్దని నేనే చెప్పి చచ్చాను కదయ్యా," అన్నాడు కమిషనరు.

కాసేపు కారు దగ్గరే పచార్లు చేశాడు. ఎవరూ లేవలేదు. చివరికి మెల్లగా బెంచీ దాకా వెళ్లి, అటూ ఇటూ చూసి, ఆ అమ్మాయి చెవి దగ్గర వంగి గొంతు తగ్గించాడు.

"మీ అమ్మని కూడా లేపవే తల్లీ, ఇంటి తాళంచెవి తన దగ్గరే ఉండిపోయింది, నాకు ఆకలేస్తోంది."